చెరకు ఎర్రకుళ్ళు తెగులు : అంటించి పరీక్షించు పద్ధతుల తారతమ్య విమర్శ

ఒక చెరకు రకము తెగులుకు లోబడునో లేదో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞుడు చేయవలసిన మొదటి పని ఆ తెగులును తన చేతులతో దానికి అంటించుటయే. వినుటకు ఇది వింతగా తోచును. ఏ పీడ తన తోట దాపునకు రాకూడదని రైతు కోరుకొనునో, ఆ పీడనే పరిశోధకుడు సీసాలలో పెంచి, కొలిచి, ఆరోగ్యముగా నున్న గడలోనికి పంపును. ఐనను ఈ పని జరుగకున్నచో ఏ రకమును గూర్చియు నమ్మకముగా మాటాడుటకు వీలులేదు. తెగులు తగులని యేడు పైరును చూచి ‘ఈ రకమునకు తెగులు రాదు’ అనుట, పరీక్ష వ్రాయని విద్యార్థిని ఉత్తీర్ణుడని ప్రకటించుట వంటిది.

ఐతే అంటించు మార్గములు పెక్కు. గడకు రంధ్రము చేసి అంటింపవచ్చును, కణుపు మీద తడిపెట్టి అంటింపవచ్చును, ముచ్చెను ముంచి నాటవచ్చును, మట్టిలో కలుపవచ్చును, లేత మొక్కలను తేమగదిలో నుంచి అంటింపవచ్చును. ఒకే రకము ఒక పద్ధతిలో లోబడినదిగాను, మరియొక పద్ధతిలో నిలిచినదిగాను తేలుట కలదు. అట్టి సమయమున ఏ తీర్పు నిజమైనది? ఏది కఠినమో అదే మేలైన పద్ధతియా? ఏది ప్రకృతికి దగ్గరయో అదియా? ఈ ప్రశ్నను ఎర్రకుళ్ళు తెగులు నాధారముగా గొని విమర్శించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

తెగులు చరిత్ర

ఈ తెగులు చరిత్ర తెలుగు వారికి పరాయిది కాదు. 1893లో వెంట్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు జావా ద్వీపమున దీనికి కారణమైన శిలీంధ్రమును వర్ణించి, కొలెటోట్రైకమ్ ఫాల్కేటమ్ అని నామకరణము చేసెను. ఆ దశాబ్దము ముగియకముందే గోదావరి డెల్టాలోని చెరకు తోటలు ఈ తెగులు వాతబడినవి. మద్రాసు ప్రభుత్వమున వృక్షశాస్త్రజ్ఞుడుగా నుండిన సి. ఎ. బార్బర్ ఆ నష్టమును పరిశీలించి 1901లో వెల్లడించెను. 1902లో సామర్లకోటలో చెరకు పరిశోధనా క్షేత్రము వెలసినది. యానాము నుండి చూచిన అది ఇరుగుపొరుగు ఊరివంటిదే. 1912లో కోయంబత్తూరున చెరకు ప్రజనన సంస్థ నెలకొనగా, దాని తొలి పనిని నడపినవాడును ఆ బార్బరే. 1913లో అనకాపల్లిలో మరియొక పరిశోధనా స్థానము ఏర్పడెను. ఈ విధముగా గోదావరి తీరమున రైతు కన్నీటితో మొదలైన పని, తెలుగు మాటాడు సేద్యగాండ్రు తరతరములుగా నెలకొనియున్న కోయంబత్తూరు సీమకు చేరినది.

బీహారు రాష్ట్రమున పూసాలో పనిచేసిన ఇ. జె. బట్లర్ 1906లో ఈ తెగులుకు ఇప్పుడు వాడుకలోనున్న ఆంగ్లనామమును స్థిరపరచెను. తెలుగున ‘ఎర్రకుళ్ళు’ అనియు, తమిళమున ‘సెవ్వళుగల్’ అనియు అనుట ఆ పేరునకు సరిపోవు మాటలే. మూడు భాషలును గడను నిలువునా చీల్చినపుడు కంటికి కనబడు రంగునే పట్టుకొన్నవి.

తరువాత 1938-39లలో ఉత్తరప్రదేశపు తూర్పుభాగమునను బీహారునను కో 213 అను ప్రఖ్యాత రకము ఈ తెగులుకు బలియైనది. ఆ రకము కోయంబత్తూరు సృష్టి. ఉత్తరాదిని చెరకు సేద్యమును మార్చిన రకము. దిగుబడి నొక్కదానినే చూచి రకమును ఎన్నుకొనుట ఎంత ప్రమాదమో ఆ దెబ్బతో తెలిసినది. తెగులు వచ్చువరకు వేచియుండక, ముందుగానే అంటించి పరీక్షించు పనికి అప్పటినుండి ప్రాధాన్యము హెచ్చినది.

తెగులు ప్రవేశించు ద్వారములు

పద్ధతులను తూచుటకు ముందు తెగులు నడక తెలియవలెను. ఎర్రకుళ్ళు ప్రధానముగా విత్తనపు ముచ్చెలతో ప్రయాణము చేయును. పైకి ఆరోగ్యముగా కనబడు ముచ్చెలో శిలీంధ్రము నిద్రాణమై యుండి, మొలకతో మేల్కొనును. తెగులు సోకిన మోళ్ళు, చెత్త నేలలో మిగిలి కార్శి తోటకును ప్రక్క తోటకును అంటించును. వాననీరు, కాలువనీరు, వరదనీరు సిద్ధబీజములను మోసికొనిపోవును. నిలిచిన గడలోనికి శిలీంధ్రము దూరు చోటులు ముఖ్యముగా కణుపు దగ్గరనే యున్నవి: ఆకు రాలిన మచ్చ, వేరు మొలచు చుక్కలు, కన్ను. కణుపుల నడుమనున్న గట్టి బెరడు దానికి సులభముగా దారి నీయదు. తొలుచు పురుగు చేసిన కన్నము మాత్రము ఆ బెరడును దాటు దొంగదారి.

లోపల ప్రవేశించిన పిదప గడ మధ్యభాగము ఎర్రబారును. ఆ ఎరుపునకు అడ్డముగా అచ్చటచ్చట తెల్లని మచ్చలు కనబడుట ఈ తెగులుకు తిరుగులేని గుర్తు. గడను చీల్చినచో పులిసిన సారా వాసన వచ్చును. రసములోని చక్కెర విడిపోయి, గానుగకును కర్మాగారమునకును పనికిరాకపోవును. పైన మొవ్వులోని ఆకులు పసుపు బారి ఎండును.

ఇచ్చట పరీక్షకుడు మరువరాని విశేష మొకటి కలదు. ఆ ఎరుపు కేవలము శిలీంధ్రము చేసిన గాయము కాదు. అది గడ చేయు పోరాటపు రంగు కూడ. శత్రువు దూరగానే చెరకు తన కణములలో ఎర్రని రక్షక ద్రవ్యములను పుట్టించును. బలమైన రకములో ఈ ఎరుపు చిక్కగా, సన్నగా, ఒక్కచోటనే ఆగిపోవును. దుర్బలమైన రకములో లేత ఎరుపు వెడల్పుగా వ్యాపించి, తెల్లమచ్చలతో కణుపులు దాటిపోవును. కావున ‘ఎర్రబడినది, ఓడినది’ అని తేల్చువాడు సరియైన పరీక్షకుడు కాడు. ఎరుపు ఎంత దూరము, ఎంత వెడల్పున, ఏ రీతిగా సాగినదో చూడవలెను.

రంధ్ర పద్ధతి

దీనినే ప్లగ్ పద్ధతి యందురు. సుమారు 7 నెలల వయసున్న గడలో, అడుగునుండి మూడవదియైన కణుపు నడిమి భాగమున బెరడును తొలిచి చిన్న రంధ్రము చేయుదురు. మిల్లీలీటరునకు సుమారు 10 లక్షల సిద్ధబీజములు ఉండునట్లు తయారుచేసిన ద్రావకమును అందులో చుక్కలుగా వేసి, రంధ్రమును బంకమట్టి వంటి పదార్థముతో మూసివేయుదురు. 60 దినముల తరువాత గడను నిలువునా చీల్చి చూతురు.

ఈ చూపును కొలతగా మార్చిన ఘనత కోయంబత్తూరు సంస్థకు చెందిన కె. వి. శ్రీనివాసన్, ఎన్. ఆర్. భట్ అను వారలది. 1961లో వారు ప్రకటించిన ప్రమాణములలో నాలుగంశములు కలవు: మొవ్వు పచ్చగా నున్నదా, ఎండినదా, ఎరుపు ఎంత వెడల్పున నున్నది, తెల్లమచ్చలు కలవా, తెగులు ఎన్ని కణుపులను దాటినది. వీనికి మార్కులు వేసి కూడగా 0 నుండి 9 వరకు ఒక అంకె వచ్చును. 2 వరకు వచ్చినచో నిరోధకము. 2 దాటి 4 వరకు మధ్యస్థ నిరోధకము. 4 దాటి 6 వరకు మధ్యస్థముగా లోబడునది. 6 దాటి 8 వరకు లోబడునది. 8 దాటినచో మిక్కిలి లోబడునది. భారతదేశమున చెరకు పరిశోధకులకు ఈ కొలబద్ద నేటికిని ఆధారముగా నున్నది.

ఈ పద్ధతికి గల సుగుణములు సామాన్యమైనవి కావు. ప్రతి గడకును సమానమైన మోతాదు అందును. వాన కురిసినను, కురియకున్నను, గాలి వీచినను, వీచకున్నను శిలీంధ్రము లోనికి పోయితీరును. కనుక అదృష్టవశమున తప్పించుకొన్న గడ యుండదు. అనకాపల్లిలో చేసిన పరీక్షను కోయంబత్తూరులో చేసిన దానితో పోల్చవచ్చును. ఈ యేటి తీర్పును పది యేండ్ల క్రిందటి తీర్పుతో సరిచూడవచ్చును. దీనిలో గెలిచిన రకము లోపలి బలముతో గెలిచినదని నిస్సంశయముగా చెప్పవచ్చును.

లోపము కూడ ఈ సుగుణములోనే యున్నది. తప్పించుకొను వీలు లేకుండ చేయుటకై పరీక్షకుడు గడ కోటగోడను తానే పగులగొట్టుచున్నాడు. ఏ బెరడు తోటలో శత్రువును ఆపుచుండెనో, ఏ కణుపు మచ్చ గట్టిపడి దారి మూయుచుండెనో, ఆ రక్షణలకు ఈ పరీక్షలో విలువ లేదు. గోడ పడిన తరువాత ఇంటిలోనివారు ఎట్లు పోరాడుదురో ఇది చెప్పును. గోడ ఎంత బలమైనదో చెప్పదు. గోడయే బలముగా గల రకము తోటలో చిరకాలము నిలువగలిగినదైనను, ఈ పరీక్షలో లోబడునదిగా ముద్రపడి ప్రక్కకు త్రోయబడును.

కణుపు పద్ధతి

ఈ లోపమును సవరించుటకు ఏర్పడినది కణుపు పద్ధతి. ఇందు గడకు గాయము చేయరు. ఆకుతొడుగును తొలగించి, సిద్ధబీజముల ద్రావకములో తడిపిన దూదిని కణుపు చుట్టును పెట్టి, తేమ ఆరకుండ పలుచని పొరతో చుట్టుదురు. శిలీంధ్రము తనకు సహజమైన త్రోవలనే, అనగా ఆకు మచ్చ, వేరు చుక్కలు, కన్ను అను వానినే వెదకికొనవలెను. 60 దినములకు గడను చీల్చి, తెగులు లోనికి దిగినదా లేదా అని చూతురు. తీర్పు సాధారణముగా రెండే మాటలలో నుండును: నిలిచినది, లోబడినది.

తోటలో జరుగు సంఘటనకు ఇది ఎక్కువ దగ్గర. గోడను కూల్చక వాకిళ్ళ గట్టితనమును పరీక్షించు పద్ధతి ఇది. రంధ్ర పద్ధతిలో ఓడి, దీనిలో నిలుచు రకములు కలవు. అట్టి రకములు తోటలో చూపు ప్రవర్తనకు ఈ పద్ధతి కారణము చెప్పగలుగును.

ఐనను దీనినే సత్యమని పట్టుకొనుట తగదు. సహజత్వము హెచ్చినకొలది నిశ్చయత్వము తగ్గుట ఇచ్చట స్పష్టము. తేమ చాలకున్నను, కణుపు ముదిరినను, దూది సరిగా అంటుకొనకున్నను గడ తప్పించుకొనవచ్చును. తప్పించుకొన్న దానిని నిలిచినదని వ్రాసికొన్నచో పరీక్ష రైతును మోసపుచ్చును. పైగా తీర్పు రెండు మాటలే యగుటచే, కొంచెము నిలిచిన దానికిని, గట్టిగా నిలిచిన దానికిని భేదము తెలియదు. తొలుచు పురుగు విస్తారముగా నున్న ప్రాంతమున గడలకు గాయములు సహజమే గదా! అచ్చట వాకిలి ఎంత గట్టిదైనను, గోడకు పడిన కన్నము శత్రువునకు చాలును. అట్టి చోటున రంధ్ర పద్ధతియే ప్రకృతికి దగ్గర యగును. ప్రకృతి యనునది అన్నిచోట్ల ఒకటి కాదను సంగతి ఈ పోలికవలన తేలుచున్నది.

ముచ్చె, మట్టి, తేమగది

ముచ్చెలను సిద్ధబీజముల ద్రావకములో ముంచి నాటుట, లేక ధాన్యము మీద పెంచిన శిలీంధ్రమును చాలులో చల్లి నాటుట మరియొక మార్గము. విత్తనము ద్వారా సాగు తెగులును గూర్చి తెలిసికొనుటకు ఇదియే తగినది. మొలక ఎంతవరకు చెడును, నేలలోని తెగులు ఎన్నాళ్ళు నిలుచును అను ప్రశ్నలకు గడ మీద చేసిన పరీక్షలు సమాధాన మీయలేవు. కాని నేల స్వభావము, నీరు, ఇతర సూక్ష్మజీవులు ఇందు జోక్యము చేసికొనుటచే ఒక మడిలోని ఫలితము ప్రక్కమడిలో రాకపోవచ్చును. రకములకు వరుస యిచ్చుటకు ఇది ఎక్కువ ఉపకరింపదు.

ఇతర పైరులలో మట్టి పద్ధతి ఇంత బలహీనమైనది కాదని గమనింపవలెను. కంది ఎండు తెగులు వేరుద్వారా ప్రవేశించునది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరువులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థలో తెగులు నిండిన మడినే ప్రత్యేకముగా పోషించి, అందు కంది రకములను పరీక్షించిరి. అచ్చట మట్టియే సహజమైన ద్వారము. వరి అగ్గితెగులు గాలిలో ఎగురు సిద్ధబీజములతో వ్యాపించునది. కావున దానికి ఒత్తుగా నారు పోసి, చుట్టును తెగులుకు సులభముగా లోబడు రకమును పెంచి, దానిమీది తెగులు మంచుతడితో ప్రక్క వరుసలకు పాకునట్లు చేయుదురు. వరి ఆకునకు రంధ్రము చేయుటయు, కంది ఆకు మీద ఎండు తెగులును చల్లుటయు ప్రశ్న తెలియక సమాధానము వెదకుటయే. పద్ధతి మంచిచెడ్డలు పద్ధతిలో లేవు. అది ఏ ద్వారమును అనుకరించుచున్నదో, ఆ ద్వారము నిజముగా తెగులు వాడుకొనుచున్నదో లేదో అను దానిలో నున్నవి.

చెరకులో కడపట వచ్చినది నియంత్రిత పరీక్ష. కోయంబత్తూరు సంస్థ శాస్త్రజ్ఞులు 1997లో దీనిని ప్రకటించిరి. లేత మొక్కలకు తెగులు అంటించి, వేడిమిని తేమను అదుపులో నుంచిన గదిలో పెట్టి, కొలది దినములలోనే ఫలితము చూతురు. నెలల తరబడి గడ ఎదుగుటకు వేచియుండ నక్కరలేదు. ఋతువుతో నిమిత్తము లేదు. ఒక సంకరము నుండి వచ్చిన వేలాది మొలకలలో దుర్బలమైనవానిని మొదటనే ఏరివేయుటకు ఇంతకు మించిన సాధనము లేదు. కాని లేత మొక్క ముదురు గడ కాదు. బెరడు గట్టిపడుట, కణుపు ముదురుట మొదలగు గుణములు ఇందు కనబడవు. కావున ఇది జల్లెడ మాత్రమే, త్రాసు కాదు. జల్లెడతో తూచుట ఎంత తప్పో, త్రాసుతో జల్లించుట అంత వృథా. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న సామెత ఈ రకములకు సరిగా వర్తించును. గదిలో గెలిచినది పొలమునందు మరల గెలువవలసియే యున్నది.

ఏ శిలీంధ్రముతో పరీక్ష?

పద్ధతుల మీద జరుగు వాదములలో తరచు మరుగున పడు ప్రశ్న ఇది. ఎర్రకుళ్ళు శిలీంధ్రము పేరునకు ఒక్కటియైనను గుణమున ఒక్కటి కాదు. అందు పెక్కు తెగలు కలవు. ఒక తెగకు లొంగని రకము మరియొక తెగకు లొంగవచ్చును. భారతదేశమున ఈ తెగలకు సంకేతములు ఏర్పరచి, ఉత్తరాదికి సి ఎఫ్ 08, సి ఎఫ్ 09 అనువానిని, దక్షిణాదికి సి ఎఫ్ 06 అను దానిని ప్రధానముగా వాడుచు వచ్చిరి. ఈ సి ఎఫ్ 06 అనునది కో సి 671 అను రకమునుండి తీయబడినది.

ఆ రకము కథ దక్షిణాది తెలుగు రైతులకు తెలియదగినది. కడలూరు పరిశోధనా స్థానమునుండి వచ్చిన ఆ చెరకు, చక్కెర శాతమున పేరెన్నిక గన్నది. తమిళనాట సముద్రతీర ప్రాంతములలో 1980వ దశకమున అది ఎర్రకుళ్ళుకు లొంగిపోయినది. ఐనను మహారాష్ట్రలో ఆ తరువాతను చాలకాలము అదే రకము సాగులో నిలిచినది. రకము ఒక్కటే, నేల, నీరు, తేమ, తెగ వేరు. కడలూరు దాపున ఓడిన దానిని పుణె సీమలో ఓడినదనుట ఎట్లు న్యాయము కాదో, పుణె సీమలో నిలిచినదని కడలూరులో నాటుటయు అట్లే వివేకము కాదు.

ఇంతకంటె పెద్ద గుణపాఠము ఉత్తరప్రదేశమున జరిగినది. కోయంబత్తూరు సంస్థకు చెందిన కర్నాలు కేంద్రమున రూపొందిన కో 0238 అను రకము 2009లో విడుదలయైనది. అప్పటి పరీక్షలలో అది ఎర్రకుళ్ళుకు మధ్యస్థ నిరోధకమని తేలినది. దిగుబడియు, చక్కెరయు రెండును హెచ్చుగా నుండుటచే అది దావానలమువలె వ్యాపించి, 2020 దాపున ఆ రాష్ట్రపు చెరకు విస్తీర్ణములో నూటికి 80 వంతులకు పైగా ఆక్రమించినది. ఆ కాలముననే ఎర్రకుళ్ళు దానిపై విరుచుకొనిపడినది. పరిశీలింపగా దానిని జయింపగల క్రొత్త తెగ ప్రబలినదని తేలి, దానికి సి ఎఫ్ 13 అను సంకేత మిచ్చిరి.

ఇందు 2009 నాటి పరీక్ష అబద్ధమాడినదా? లేదు. అడిగిన ప్రశ్నకు అది సత్యమే చెప్పినది. ‘నేడున్న తెగలకు ఈ రకము లోబడునా’ అని అడిగిరి. ‘అంతగా లోబడదు’ అని అది పలికినది. దానిని ‘ఎన్నటికిని లోబడదు’ అని రైతులు, కర్మాగారములవారు వినిరి. ఒకే రకము దిగంతములవరకు వ్యాపించినపుడు, దానిని జయించు తెగకు అంతకు మించిన విందు లేదు. 1938-39లలో కో 213 నేర్పిన పాఠమునే 80 యేండ్ల తరువాత కో 0238 మరల చెప్పవలసి వచ్చినది.

తీర్పు చెప్పు భాష

ఇచ్చట విమర్శ శాస్త్రమునుండి భాషవైపు తిరుగక తప్పదు. పరిశోధకుని పుస్తకములో తీర్పు ఇట్లుండును: ‘ఫలానా తెగతో, రంధ్ర పద్ధతిలో, మధ్యస్థ నిరోధకము, కణుపు పద్ధతిలో, నిరోధకము.’ అది తెలుగు కరపత్రములోనికి వచ్చునప్పటికి తరచు ఒక్క మాటగా మిగులును: ‘ఎర్రకుళ్ళు తెగులును తట్టుకొనును.’

ఆ మాటలో పద్ధతి పోయినది, తెగ పోయినది, మధ్యస్థమను పరిమితి పోయినది. ‘తట్టుకొనుట’ అను క్రియకు తెలుగున గల అర్థమే ఈ గందరగోళమునకు తావిచ్చుచున్నది. దెబ్బ తగిలినను పడిపోక నిలుచుట తట్టుకొనుట. దెబ్బ తగులనీయకుండుట నిరోధించుట. శాస్త్రములో ఇవి రెండు వేరు గుణములు. నిరోధించు రకములో శిలీంధ్రము పెరుగదు. తట్టుకొను రకములో అది పెరుగును. దిగుబడి మాత్రము అంతగా తగ్గదు. రెండవదానిలో రైతునకు కనబడని అపాయము కలదు. పైరు బాగుగనే యుండును. ముచ్చెలలో తెగులు దాగియుండును. ఆ ముచ్చెలు పొరుగూరికి పోయి, తట్టుకొనలేని రకము ప్రక్కన నాటబడును. ఒక క్రియాపదము చేసిన పొరపాటువలన ఒక తోట కుళ్ళిపోవచ్చును.

కావున తీర్పు మాటలను వేరుపరచుట అవసరము. ‘నిరోధించును’, ‘కొంతవరకు నిరోధించును’, ‘సోకినను తట్టుకొనును’, ‘లోబడును’ అను నాలుగు మాటలు తెలుగు రైతునకు ఏ నిఘంటువు లేకయే తెలియును. వాని ప్రక్కన ‘గడకు రంధ్రము చేసి చూచిరి’ అనియో, ‘కణుపు మీద అంటించి చూచిరి’ అనియో ఒక వాక్యము, ‘ఫలానా యేట, ఫలానా తెగతో’ అని మరియొక వాక్యము చేర్చినచో కరపత్రము పెరుగునది రెండు పంక్తులే.

ఈ భాషకు క్రొత్త పదములు సృష్టింప నక్కరలేదు. గడ, కణుపు, కన్ను, ముచ్చె, మొవ్వు, బెరడు, కార్శి — ఈ మాటలతో పై పద్ధతులనన్నిటిని వివరింపవచ్చును. కోయంబత్తూరు సీమలోను, బళ్ళారి ప్రాంతమునను, గంజాము జిల్లాలోను స్థిరపడిన తెలుగు కుటుంబములలో సేద్యపు పని చేయు పెద్దల నోట ఇట్టి మాటలు వినబడుచునే యున్నవి. ఆ యింటి పిల్లలు బడిలో శాస్త్రమును వేరు భాషలో చదువుదురు. కరపత్రమును మూడవ భాషలో చూతురు. ఇంటి మాటకును శాస్త్రమునకును నడుమ వంతెన లేనిచో, తాత నోటిలోని ‘ముచ్చె’ మనుమనికి వంటయింటి మాటగనో, మోటు మాటగనో తోచును. అది ఒక పరీక్షా పద్ధతిని విడమరచి చెప్పగల మాటయని తెలిసిన నాడు దాని విలువ వేరు.

విమర్శ సారము

పైని చర్చవలన తేలిన విషయములను సంగ్రహింపవచ్చును. రంధ్ర పద్ధతి కఠినము, నిశ్చితము. కాని అది లోపలి బలమునే అడుగును. కణుపు పద్ధతి సహజము. కాని అది తప్పించుకొనుటను గెలుపుగా చూపవచ్చును. ముచ్చె, మట్టి పద్ధతులు తెగులు ప్రయాణమును తెలుపును. రకములకు వరుస నీయజాలవు. నియంత్రిత పరీక్ష త్వరితము. అది ఏరివేతకు మొదటి మెట్టు, ఎంపికకు కడపటి మెట్టు కాదు.

కఠినమైన పరీక్షయే రైతునకు క్షేమకరమని కొందరు వాదింతురు. దుర్బలమైన రకమును పొరపాటున విడుదల చేయుటకంటె, బలమైన రకమును పొరపాటున త్రోసివేయుట చిన్న తప్పని వారి యాశయము. ఇది తేలికగా త్రోసిపుచ్చదగిన వాదము కాదు. గోదావరి డెల్టా చరిత్ర వారి పక్షమున సాక్ష్యము చెప్పుచున్నది. ఐనను త్రోసివేయబడిన రకముతోపాటు దాని దిగుబడి, చక్కెర, కణుపు గట్టితనము అను సద్గుణములు కూడ పోవుచున్నవి. ఆ నష్టమును ఎవరును లెక్కింపరు. కంటికి కనబడని నష్టము గనుక లేనట్లే భావింతురు.

కావున రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన నుంచి తీర్పు చెప్పుట న్యాయము. రెంటిలోను నిలిచిన రకము ఎచ్చటనైనను నాటదగినది; అదియైనను ప్రాంతమంతయు ఆక్రమింపరాదు. రెంటిలోను ఓడినది విడువదగినది. కణుపు పద్ధతిలో నిలిచి రంధ్ర పద్ధతిలో ఓడిన రకమును పూర్తిగా త్రోసివేయక, నీరు నిలువని నేలలో, తెగులు తక్కువగా నున్న సీమలో, పరిశుద్ధమైన ముచ్చెలతో, పరిమితముగా సాగుచేయుటకు అనుమతింపవచ్చును. రంధ్ర పద్ధతిలో నిలిచి కణుపు పద్ధతిలో ఓడినట్లు కనబడు రకము తటస్థించినచో, పరీక్షనే మరల పరీక్షింపవలెను. తెగులు తెగలు మారినపుడెల్ల పాత తీర్పులను తిరుగదోడవలెను.

పరీక్ష యనునది ప్రశ్న. ఫలితము దానికి సమాధానము. ప్రశ్న తెలియక సమాధానమును మాత్రము కంఠస్థము చేయుట బడిలో విద్యార్థికెంత హానియో, చేనులో సేద్యగానికి అంతకు మించిన హాని. రకము పేరుతోపాటు ‘దీనిని ఏ విధముగా పరీక్షించిరి, ఎన్నడు పరీక్షించిరి, దేనితో పరీక్షించిరి’ అని అడుగు అలవాటు రైతునకు కలిగిన నాడు, ఆ ప్రశ్నలకు అతని భాషలోనే సమాధానము దొరికిన నాడు, శాస్త్రజ్ఞుడు గడలో చేసిన రంధ్రము సార్థకమగును.